ఫైనల్ ఇయర్‌లో ‘ఆర్టిఫిషియల్ బ్రెయిన్’ చేస్తారా? ఏ దారి ఎవరికి సరిపోతుంది

అనంతపురం, కర్నూలు, కడప చుట్టుపక్కల కాలేజీల్లో ప్రాజెక్టు టైటిళ్ళు ఇచ్చే రోజులొస్తే ‘ఆర్టిఫిషియల్ బ్రెయిన్’ అని రాసుకొచ్చే బ్యాచ్ ఒకటైనా ఉంటుంది. చాలామంది గైడ్లు అక్కడికక్కడే కొట్టిపారేస్తారు. నేను కొట్టిపారేయను. వద్దంటే ఆ పిల్లలు నేరుగా ప్రాజెక్టులు అమ్మే షాపుకు పోయి, ఎవరో ఎప్పుడో చేసిన ఫేస్ రికగ్నిషన్‌కు కొత్త అట్ట వేయించుకుని వస్తారు. దానికన్నా మెదడే నయం.

కాకపోతే ‘మెదడు చేస్తాం’ అన్న మాట కింద ఒకదానికొకటి సంబంధం లేని పనులు అయిదారు ఉన్నాయి. ఒకదానికి బయాలజీ కావాలి, ఇంకోదానికి చిప్పు డిజైన్ రాసే వెరిలాగ్ భాష కావాలి, మరోదానికి న్యూరల్ నెట్‌లు కట్టే పైటార్చ్ లైబ్రరీ వస్తే చాలు. ఏది ఎంచుకుంటున్నామో తెలియకుండా దిగితే రెండో రివ్యూ నాటికి టెన్షన్ మొదలవుతుంది. తొందరలో ఉన్నవాళ్ళ కోసం నా మాట ముందే చెబుతాను. ల్యాప్‌టాప్ తప్ప ఇంకేమీ లేని సీఎస్ఈ బ్యాచ్ అయితే బ్రయాన్ 2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చిన్న స్పైకింగ్ నెట్‌వర్క్ (స్పైకులతో, అంటే చిన్న విద్యుత్ తట్టులతో మాట్లాడుకునే న్యూరాన్ల అల్లిక) చేయండి. కాస్త గుండె ధైర్యం ఉంటే ఈగ మెదడు మోడల్‌ను తీసుకుని ఒక చిన్న ప్రశ్నకు జవాబు వెతకండి. ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ బోర్డు (మనకు కావలసిన సర్క్యూట్‌గా మలుచుకోగల చిప్పు ఉన్న బోర్డు) ఇప్పటికే ఉన్న ఈసీఈ వాళ్ళకు హార్డ్‌వేర్ న్యూరాన్ మంచిది. మిగతా దారులు ఎవరికో చూద్దాం.

సంఖ్య చూసి భయపడకండి, మురిసిపోకండి

“సార్, ఎన్ని న్యూరాన్లు పెడితే బాగుంటుంది?” ప్రతి బ్యాచ్ మొదట అడిగేది ఇదే. “ముందు ఒకటి పెట్టి చూపించు నాయనా” అంటాను. తమాషాకు అనడం లేదు.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీ కణాలు. వాటిని కలిపే అతుకులు, అంటే సినాప్సులు, సుమారు కోటి కోట్లు అని ఒక అంచనా. ఒక్కో సినాప్సు బలాన్ని 4 బైట్లలో దాచినా 400 టెరాబైట్లు అవుతుంది. అంటే 512 జీబీ ల్యాప్‌టాప్‌లు దాదాపు ఎనిమిది వందలు. మనకు అందదు గానీ, ప్రభుత్వాలకు, పెద్ద కంపెనీలకు అదేమంత కొండ కాదు. 2013లోనే జపాన్‌లో కె కంప్యూటర్ మీద 173 కోట్ల న్యూరాన్లను, 10.4 లక్షల కోట్ల సినాప్సులను నడిపి చూశారు. 82,944 ప్రాసెసర్లు పనిచేస్తే, మెదడులో ఒక సెకనులో జరిగే పనికి 40 నిమిషాలు పట్టింది. అయితే ఆ కనెక్షన్లు ఏ జంతువు మెదడులోంచీ తీసుకున్నవి కావు. సాఫ్ట్‌వేర్ ఎంత బరువు మోస్తుందో చూడటానికి అడ్డదిడ్డంగా కలిపినవి. అంత పెద్ద నెట్‌వర్క్ నడిచింది గానీ, అది ఏమీ ఆలోచించలేదు.

ఇప్పుడు రెండో కొసకు రండి. సీ. ఎలిగాన్స్ అనే ఒక మిల్లీమీటరు పొడవు పురుగుంది. దానికి ఉన్నవి 302 న్యూరాన్లే. ఏది దేనికి కలిసిందో 1986లోనే పూర్తి పటం గీశారు. ఇంతకాలం గడిచినా ఆ పురుగు ప్రవర్తన మొత్తాన్ని కంప్యూటర్‌లో తిరిగి రప్పించడం ఎవరివల్లా కాలేదు. పటంలో తీగలు కనిపిస్తాయి గానీ, ఏ తీగ గట్టిదో ఏది బలహీనమైందో, ఏది ఉసిగొల్పుతుందో ఏది ఆపుతుందో పూర్తిగా కనిపించదు. పైగా రసాయనాలు వచ్చి అవే తీగల పనితీరును పూటకో రకంగా మార్చేస్తాయి.

ఇంకో సంగతి దీనికన్నా ఇబ్బందికరమైనది. పీతలు, రొయ్య జాతి జీవుల పొట్ట దగ్గర సుమారు 30 న్యూరాన్ల గుంపు ఒకటుంటుంది. అది ఆహారాన్ని నలిపే, వడకట్టే కండరాలు ఏ లయలో కదలాలో తాళం వేసి చెబుతుంది. ఈవ్ మార్డర్ బృందం 2004లో ఆ తాళం మోడల్‌ను వేర్వేరు విలువలతో రెండు కోట్లకు పైగా రకాలుగా నడిపి చూసింది. ఒకదానికొకటి పొంతన లేని విలువలు పెట్టినా అదే తాళం వస్తున్న సందర్భాలు బోలెడు తేలాయి. అంటే మీ గ్రాఫ్ అసలు జంతువు గ్రాఫ్‌లాగే ఉన్నంత మాత్రాన మీ మోడల్ లోపల జరిగేది జంతువు లోపల జరిగేదే అని చెప్పలేరు. కృత్రిమ మెదడు పనిలో అసలు ఇరకాటం ఇక్కడుంది. కంప్యూటర్ సత్తా కొనుక్కోవచ్చు. తెలియని విలువలను ఎక్కడ కొంటాం?

కాబట్టి దారులను పోల్చేటప్పుడు ‘ఇందులో ఎన్ని న్యూరాన్లు’ అన్నది పక్కన పెట్టండి. ‘ఇందులో నేను ఊహించి పెట్టే విలువలెన్ని, అవి తప్పైతే నాకు తెలిసే వీలుందా’ అని అడగండి. కింద నేనిచ్చే తీర్పులన్నీ ఈ ప్రశ్న మీదే నిలబడ్డాయి.

మొదటి దారి: న్యూరాన్‌ను ఉన్నదున్నట్టు దించడం

ఈ దారికి మూలపురుషులు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ. స్క్విడ్ అనే సముద్ర జీవికి ఉన్న లావుపాటి నరం మీద ప్రయోగాలు చేసి, సోడియం, పొటాషియం అయాన్లు పొర దాటే తీరును 1952లో నాలుగు అవకలన సమీకరణాల్లో పెట్టారు. 1963లో నోబెల్ వచ్చింది. నేటికీ ఆ సమీకరణాలు చెక్కుచెదరలేదు. దీనికోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ పేరు కూడా ‘న్యూరాన్’ అనే. పరిశోధకులు పెట్టిన మోడళ్ళు మోడల్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో వెయ్యికి పైగా ఉన్నాయి, దించుకోవచ్చు.

లోతు కావలసినవాళ్ళకు ఇంతకు మించింది లేదు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి కాలం. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా తీసుకునే అడుగు 0.025 మిల్లీసెకన్లు. ఒక్క సెకను నడవాలంటే 40,000 అడుగులు. పైగా కొమ్మలు రెమ్మలుగా ఉన్న డెండ్రైట్లను ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కకూ ఈ లెక్కంతా చేయాలి. రెండోది మళ్ళీ ఆ విలువల గొడవే. స్క్విడ్ నరంలో ముఖ్యమైన అయాన్ చానళ్ళు (అయాన్లు పొర దాటే ద్వారాలు) రెండు రకాలు. క్షీరదాల్లో సోడియం చానళ్ళకే తొమ్మిది జన్యువులున్నాయి, పొటాషియం చానళ్ళ జన్యువులైతే డజన్లు. మీ న్యూరాన్‌లో ఏవి ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చెప్పే కొలతలు చాలా చోట్ల లేవు.

ఇదే దారిలో అందరికన్నా దూరం పోయింది స్విట్జర్లాండ్‌లోని బ్లూ బ్రెయిన్ ప్రాజెక్టు. 2005లో మొదలైంది. పదేళ్ళకు, అంటే 2015లో, ఎలుక మెదడులో ఆవగింజ కన్నా చిన్న ముక్కను సుమారు 31,000 న్యూరాన్లతో, 3.7 కోట్ల సినాప్సులతో కట్టి చూపించారు. 2024 చివర్లో ప్రాజెక్టు ముగిసింది. వాళ్ళు వదిలి వెళ్ళిన డేటా, టూల్స్ విలువైనవే. కానీ మొదట్లో ప్రచారంలో వినిపించిన ‘పదేళ్ళలో మనిషి మెదడు’ అన్న మాట మాత్రం జరగలేదు. జరగదని అప్పుడే అన్నవాళ్ళూ ఉన్నారు.

మరి ఈ దారి ఎవరికి? యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ చేస్తున్న పిల్లలకు భేషుగ్గా ఉంటుంది. ఒక్క న్యూరాన్, ఒక్క ప్రశ్న పెట్టుకోండి. ‘ఉష్ణోగ్రత పెరిగితే స్పైకు వెడల్పు ఏమవుతుంది’ అన్నది సరిపోతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ కొలతలు 6.3 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీసుకున్నవి. మే నెల కడప ఎండకు తగ్గట్టు 40 డిగ్రీలు పెట్టి చూడండి. స్పైకు సన్నబడి, కుంచించుకుపోయి, ఇక పుట్టనే పుట్టదు. పాపం స్క్విడ్ అంటే చల్లటి నీళ్ళలో ఉండే జీవి. ఎందుకలా అయిందో వివరించడానికే ఒక అధ్యాయం పడుతుంది. బీటెక్ నలుగురి బ్యాచ్‌కు మాత్రం ఈ దారి చెప్పను. నలుగురికి పంచే పని ఇందులో ఉండదు, ఒకడు చేస్తే ముగ్గురు చూస్తారు.

రెండో దారి: సరళమైన స్పైకింగ్ న్యూరాన్లు

నా ఓటు దీనికే, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

అయాన్ల గొడవ వదిలేసి, న్యూరాన్ బయటికి ఏం చేస్తుందో అదొక్కటే పట్టుకునే మోడళ్ళివి. వోల్టేజి పెరుగుతూ వస్తుంది, గీత దాటగానే ఒక స్పైకు కొడుతుంది, మళ్ళీ కిందికి పడుతుంది. ఈ ఆలోచన 1907లో లాపిక్‌ది. పొర గుండా కొంత కరెంటు లీకవడాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ఈ మోడల్‌నే నేడు అందరూ ‘లీకీ ఇంటిగ్రేట్ అండ్ ఫైర్’ అంటారు. మరీ బోసిగా ఉంటుందనుకుంటే ఇజికెవిచ్ 2003లో ఇచ్చిన మోడల్ ఉంది. అందులో సమీకరణాలు రెండు, మీటలు నాలుగు. ఎ, బి, సి, డి అని వాటి పేర్లు.

ఆ నాలుగు మీటలతో ఒక సాయంత్రం ఆడుకోండి. ఎ 0.02, బి 0.2, సి మైనస్ 65, డి 8 పెట్టి కరెంటు 10 ఇస్తే, మొదట టకటకా కొట్టి, తర్వాత నిదానించి, ఒకే ఎడంతో స్పైకులు వస్తాయి. కార్టెక్స్‌లో, అంటే మెదడు పై పొరలో, ఎక్కువగా కనిపించే న్యూరాన్ తీరు అదే. ఇప్పుడు సి మైనస్ 50, డి 2 చేయండి. అదే న్యూరాన్ గుంపులు గుంపులుగా కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతుంది. సి ని వెనక్కి మైనస్ 65కు తెచ్చి, డి ని 2 దగ్గరే ఉంచి, ఎ ని 0.1 చేస్తే ఆగకుండా వేగంగా కొట్టే రకం అవుతుంది. మెదడులో ఇతర న్యూరాన్లను అణిచే కణాలు ఇలా ఉంటాయి. ఇవన్నీ ల్యాప్‌టాప్‌లో కళ్ళముందు జరుగుతాయి. ఇజికెవిచ్ స్వయంగా వేసిన లెక్క ప్రకారం, ఒక మిల్లీసెకను నడపడానికి ఈ మోడల్‌కు సుమారు 13 గణనలు చాలు, హాడ్జ్‌కిన్–హక్స్‌లీకి 1,200 కావాలి.

ఊహించి పెట్టే విలువలు ఇక్కడ కూడా ఉన్నాయి. కానీ నాలుగే కాబట్టి వాటిని అటూ ఇటూ తిప్పి, ఫలితం ఎంతవరకు నిలబడుతుందో మీరే చూపించవచ్చు. ఆ గ్రాఫే మీ ప్రాజెక్టుకు ప్రాణం.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే బ్రయాన్ 2, నెస్ట్ రెండూ ఉచితమే. బ్రయాన్‌లో సమీకరణాన్ని కాగితం మీద రాసినట్టే రాస్తాం, యూనిట్లు కూడా అదే చూసుకుంటుంది. మిల్లీవోల్టుకూ మిల్లీసెకనుకూ ముడిపెడితే అక్కడే ఎర్రర్ ఇస్తుంది. ఇది వినడానికి చిన్న సౌకర్యంలా ఉంటుంది గానీ, రాత్రి పదకొండింటికి హాస్టల్లో కూర్చుని తప్పు వెతుక్కునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. నెస్ట్ లక్షల న్యూరాన్ల పనికి, క్లస్టర్లు ఉన్నవాళ్ళకు. కె కంప్యూటర్ మీద నడిచింది అదే. మీకు అది అక్కర్లేదు.

ఈ దారిలోనే ఇటీవల ఒక గొప్ప అవకాశం తెరుచుకుంది. 2024 అక్టోబరులో పండ్ల ఈగ ఆడ మెదడు పటం పూర్తిగా వెలువడింది. సుమారు 1,39,000 న్యూరాన్లు, 5 కోట్లకు పైగా సినాప్సులు. దానితోపాటే వచ్చిన ఒక పరిశోధనలో ఆ పటాన్ని తీసుకుని, 1,25,000కు పైగా లీకీ న్యూరాన్లతో మోడల్ కట్టారు. కట్టింది బ్రయాన్ 2లోనే. తీపిని పసిగట్టే న్యూరాన్లను రెచ్చగొడితే, తొండం చాపించే న్యూరాన్ దాకా సంకేతం ఏయే దారుల్లో వెళ్తుందో ఆ మోడల్ చెప్పింది. నిజం ఈగల మీద ప్రయోగాలు చేసి సరిచూశారు కూడా. కోడ్, డేటా అందరికీ అందుబాటులో ఉన్నాయి. 16 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ఒకటి సంపాదించి కూర్చోవచ్చు.

పురుగు విషయంలో కాని పని ఈగ విషయంలో కొంతైనా ఎలా అయింది? పురుగు న్యూరాన్లలో చాలావరకు స్పైకులు కొట్టవు, వోల్టేజిని నిదానంగా పెంచుతూ తగ్గిస్తూ మాట్లాడుకుంటాయి. అందుకని సరళమైన స్పైకింగ్ మోడల్ దానికి అతకదు. ఈగవి ఎక్కువగా స్పైకులు కొట్టేవే. ఏ న్యూరాన్ ఏ రసాయనం వదులుతుందో ఫోటోల నుంచి అంచనా వేసే పద్ధతి కూడా వచ్చింది కాబట్టి, ఉసిగొల్పేదా ఆపేదా అన్నది కొంత తెలుసు. అయినా ఆ మోడల్‌లో న్యూరాన్లన్నిటికీ ఒకే విలువలు పెట్టారు. ఇక్కడే మీ ప్రాజెక్టు దాగుంది. ఆ విలువలను పది శాతం, ఇరవై శాతం కదిలిస్తే తొండం న్యూరాన్ ఇంకా మోగుతుందా? ఒక్క ప్రశ్న, నాలుగు నెలల పని, నలుగురికీ సరిపడా పంపకం.

మూడో దారి: స్పైకింగ్ నెట్‌వర్క్‌కు పాఠం చెప్పడం

ఇది మెదడును అర్థం చేసుకునే పని కాదు, మెదడు తరహాలో పనిచేసే వస్తువు చేసే పని. అంకెలు గుర్తుపట్టాలి, చేతి సైగలు గుర్తుపట్టాలి, ఇలాంటివి. కంపెనీ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇదే బాగుంటుంది, అది నిజమే.

స్పైకు అంటే ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా మారుతుంది కాబట్టి దానికి వాలు ఉండదు. తప్పును వెనక్కి పంపి నెట్‌ను సవరించే బ్యాక్‌ప్రొపగేషన్‌కు వాలే ఆధారం. అందుకని వెనక్కి లెక్క కట్టేటప్పుడు మాత్రం ఆ మెట్టు స్థానంలో నున్నటి వంపును పెట్టి పని జరుపుకుంటారు. సరొగేట్ గ్రేడియెంట్ అంటే ఇదే. ఎస్ఎన్ఎన్‌టార్చ్ లాంటి లైబ్రరీలు ఈ ఏర్పాటంతా చేసి పెట్టాయి, పైటార్చ్ వచ్చినవాళ్ళకు వారంలో చేతికొస్తుంది. మెదడు ఇలా నేర్చుకోదు మరి. మెదడు తరహా నేర్పు కావాలంటే, ముందు ఏ న్యూరాన్ కొట్టింది, తర్వాత ఏది కొట్టింది అన్న తేడాను బట్టి సినాప్సును పెంచే, తగ్గించే ఎస్‌టీడీపీ నియమం ఉంది. దానితో 2015లో డీల్, కుక్ అనే ఇద్దరు చేతిరాత అంకెలను 95 శాతం గుర్తుపట్టించారు. మామూలు డీప్ నెట్ అదే పనిని 99 శాతం దాటి చేస్తుంది. ఆ నాలుగు శాతం తేడా చూసి ఎగతాళి చేయకండి. అక్కడ జవాబులు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు తప్పకుండా ఎదురయ్యే ఒక సంగతి చెప్పాలి. ట్రైనింగ్ నడుస్తుంటుంది, లాస్ తగ్గదు, అక్యురసీ 10 శాతం దగ్గర మొరాయిస్తుంది. పది అంకెల్లో 10 శాతం అంటే గుడ్డిగా చెప్పినట్టే. కోడ్ అంతా తిరగరాయాలనిపిస్తుంది. రాయొద్దు. ఒక్కో పొరలో ఎన్ని స్పైకులు వస్తున్నాయో ప్రింట్ చేయండి. రెండో పొరలోనో మూడో పొరలోనో సున్నా కనిపిస్తుంది. థ్రెషోల్డ్ (స్పైకు కొట్టడానికి దాటాల్సిన గీత) ఎక్కువై పొర మొత్తం మూగబోయి ఉంటుంది. థ్రెషోల్డ్ తగ్గించడమో, మొదటి బరువులు పెంచడమో చేస్తే కదులుతుంది.

డేటా కోసం అంకెల మీదే పడకండి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు వాటిని చూసి చూసి విసిగిపోయారు. వెలుతురు మారిన చోటును మాత్రమే పట్టే ఈవెంట్ కెమెరాతో 29 మంది చేత 11 రకాల చేతి సైగలు చేయించి తీసిన డేటాసెట్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది. కాలంతో ముడిపడిన డేటా కాబట్టి స్పైకులకు అందులో నిజంగా పని ఉంటుంది. మన ఊరి డేటా కావాలనుకుంటే బోరు మోటారు శబ్దం రికార్డు చేసుకోండి. మంచి మోటారు, బేరింగు అరిగిన మోటారు, నీళ్ళు లేకుండా తిరుగుతున్న మోటారు, మూడూ చెవికే తేడాగా ఉంటాయి. అనంతపురం జిల్లాలో అలాంటి మోటార్లకు కొదవ లేదు. శబ్దంలో మార్పు వచ్చిన ప్రతిచోటా ఒక స్పైకుగా మార్చే పద్ధతి అదే లైబ్రరీలో ఉంది. ఒక్కటే షరతు. ‘రైతులకు కొత్త ఆవిష్కరణ’ అని రిపోర్టులో రాయకండి. ఫేజు పోతే ఆపే ప్రివెంటర్లు, నీళ్ళు అయిపోతే ఆపే పరికరాలు మోటారు షాపులో ఏనాటి నుంచో అమ్ముతున్నారు. వైవాలో ఎవరికో ఒకరికి తోట ఉండే ఉంటుంది, అక్కడే దొరికిపోతారు.

శెనక్కాయ ఆకు మీద తిక్క మచ్చలు గుర్తుపట్టడం లాంటి పనికైతే ఈ దారి అసలు వద్దు. కదలని ఫోటో అది. ఫోటోలు గుర్తుపట్టే మామూలు న్యూరల్ నెట్ (సీఎన్ఎన్) చక్కగా చేస్తుంది. దాన్ని స్పైకుల్లోకి మార్చి, నాలుగు శాతం పోగొట్టుకుని, మళ్ళీ దానికి ‘బ్రెయిన్’ అని పేరు పెట్టడం దేనికి?

నాలుగో దారి: చిప్పు మీద న్యూరాన్

కరెంటు లెక్క చూస్తే ఈ దారి ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మనిషి మెదడు సుమారు 20 వాట్లతో నడుస్తుంది. ఇంటెల్ 2024లో చూపించిన హాలా పాయింట్ అనే యంత్రంలో 1,152 లోయిహీ 2 చిప్పులు, 115 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. అది తినే కరెంటు గరిష్ఠంగా 2,600 వాట్లు, మన లెక్కలో మూడున్నర హెచ్‌పీ మోటారంత. న్యూరోమార్ఫిక్, అంటే మెదడు తరహా చిప్పుల్లో ఇది చాలా పొదుపైన యంత్రమే. అదే నిష్పత్తిలో మనిషి మెదడంత కట్టాలంటే దాదాపు 195 కిలోవాట్లు కావాలి. అందులోని న్యూరాన్లు అసలు కణాలంత క్లిష్టమైనవి కూడా కావు. అసలు కార్టెక్స్‌లోని ఒక్క పిరమిడ్ న్యూరాన్ పనిని మిల్లీసెకను కచ్చితత్వంతో అనుకరించడానికి అయిదు నుంచి ఎనిమిది పొరల డీప్ నెట్ అవసరమైందని 2021లో ఒక ఇజ్రాయెల్ బృందం చూపించింది.

చిప్పుకు ఇంకో పరిమితి తీగలు. మెదడులో తీగలు అన్ని దిక్కులా అల్లుకుంటాయి, ఒక్కో న్యూరాన్ వేలాది న్యూరాన్లను తాకుతుంది. చిప్పు పలచటి పలక, అన్ని తీగలు పట్టవు. అందుకని స్పైకు కొట్టిన న్యూరాన్ చిరునామాను మాత్రం చిన్న ప్యాకెట్‌గా ఉమ్మడి తీగ మీద పంపిస్తారు. ఎలక్ట్రానిక్స్ వేగం నరాల కన్నా లక్షల రెట్లు ఎక్కువ కాబట్టి ఒకే తీగను చాలామంది వాడుకోవచ్చు. మాంచెస్టర్‌లో స్టీవ్ ఫర్బర్ బృందం పది లక్షల ఏఆర్ఎమ్ కోర్లతో కట్టిన స్పిన్నకర్‌లోనూ ఇదే పద్ధతి.

లోయిహీ మీ చేతికి రాదు. కాబట్టి మీ పని ఎఫ్‌పీజీఏ మీదే. ఇజికెవిచ్ న్యూరాన్‌ను వెరిలాగ్‌లో రాయడం మంచి ప్రాజెక్టు. అందులో వచ్చే 0.04 అనే గుణకాన్ని గుణకారం లేకుండా, 32తో భాగించింది, 128తో భాగించింది కలిపి సరిపెట్టవచ్చు. అది 0.0390625 అవుతుంది, తేడా అంతగా కనిపించదు. ఉత్త షిఫ్టులతో అయిపోతుంది. జాగ్రత్త పడాల్సింది బిట్ల దగ్గర. 16 బిట్లలో 8 బిట్లు దశాంశానికి వదిలేస్తే, మిగిలిన భాగంలో మైనస్ 128 నుంచి 127 వరకే పడుతుంది. సమీకరణంలో ఉన్న 140 అనే స్థిరాంకమే అందులో పట్టదు. వోల్టేజి వర్గం 6,400 దాకా పోతుంది. సిమ్యులేషన్‌లో న్యూరాన్ పిచ్చిపట్టినట్టు కొడుతుంటే చాలాసార్లు కారణం ఇదే. బోర్డు ల్యాబ్‌లో ఉంటేనే ఈ దారి పట్టండి. ప్రాజెక్టు కోసం బోర్డు కొని ఇంట్లోవాళ్ళ మీద భారం వేయకండి. కొనక తప్పదంటే రెండో దారే మేలు.

మెమ్రిస్టర్ అనే మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. తన గుండా పోయిన కరెంటును గుర్తుపెట్టుకునే పరికరం అది. లియోన్ చువా 1971లో ఉండాలని చెప్పాడు, హెచ్‌పీ కంపెనీ ల్యాబ్ 2008లో చేసి చూపింది. బెంగళూరు ఐఐఎస్సీ బృందం 2024లో అణువుల పొర ఒకదానిలో 16,500కు పైగా స్థాయిలను దాచి చూపించింది. బీటెక్‌లో మీరు చేయగలిగింది సిమ్యులేషనే. నిజంగా ఆసక్తి ఉంటే ఐఐఎస్సీ సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేయండి. అనంతపురం నుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణం, విజయవాడ కన్నా దగ్గర.

వదిలేయాల్సినవి

మెల్‌బోర్న్‌లో 2022లో సుమారు 8 లక్షల సజీవ కణాలను ఎలక్ట్రోడ్ల మీద పెంచి పాంగ్ అనే పాత వీడియో గేమ్ ఆడించారు. వీడియో చూసి ముచ్చటపడండి, టైటిల్‌గా మాత్రం పెట్టకండి. కణాలు పెంచే ల్యాబ్, ఎథిక్స్ కమిటీ అనుమతి, వాటిని రోజూ సాకే మనిషి, ఏదీ మన చేతిలో లేదు. ‘చైతన్యం ఉన్న మెదడు’, ‘భావోద్వేగాల మెదడు’ లాంటి టైటిళ్ళూ వద్దు, వాటిని పరీక్షించే కొలబద్ద లేదు. చాట్‌బాట్‌కు మెదడు బొమ్మ అతికించి తెచ్చేవాళ్ళకు నేను సంతకం పెట్టను.

రివ్యూకు వెళ్ళేముందు

రెండో దారి పట్టినవాళ్ళు మొదటి రివ్యూకు ఒకే న్యూరాన్ గ్రాఫ్ తీసుకెళ్ళండి. కింద కరెంటు, పైన వోల్టేజి. కరెంటు పెంచుతూ పోతే స్పైకుల సంఖ్య ఎలా పెరిగిందో ఇంకో గ్రాఫ్. ఇవి రెండూ ఉంటే మీరు సొంతంగా చేస్తున్నారని గైడ్‌కు తెలిసిపోతుంది. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివే స్నేహితులెవరైనా ఉంటే వాళ్ళ ఫిజియాలజీ పుస్తకంలోని యాక్షన్ పొటెన్షియల్ (స్పైకు) బొమ్మను పక్కన పెట్టుకుని తేడాలు రాసుకోండి. మీ మోడల్‌లో లేనివి ఏమిటో మీరే ముందు చెబితే ఎగ్జామినర్ అడగడానికి తక్కువ మిగులుతుంది.

మూడో దారి, నాలుగో దారి వాళ్ళను తప్పకుండా అడిగేది ఒకటుంది: “మామూలు న్యూరల్ నెట్‌తో ఇదే చేయొచ్చు కదమ్మా, ఇదెందుకు?” కరెంటు ఆదా అని అందరూ చెబుతారు. స్పైకు ఒకటో సున్నానో కాబట్టి కూడిక చాలు, మామూలు నెట్‌కు గుణకారం కూడా కావాలి అన్నది వాళ్ళ వాదన. 45 నానోమీటర్ల చిప్పులో కూడికకు 0.9 పికోజౌళ్ళు, గుణకారం, కూడిక కలిపి 4.6 పికోజౌళ్ళు అనే పాత లెక్కను ఎత్తి రాస్తారు. ఆ లెక్క తప్పు కాదు గానీ, అదే చిప్పు బయటి మెమరీ నుంచి ఒక సంఖ్యను తెచ్చుకోవడానికి దానికి వంద రెట్లకు పైగా ఖర్చవుతుంది, ఆ సంగతి ఎవరూ రాయరు. అందుకని అదే డేటా మీద ఒక మామూలు నెట్‌ను కూడా ట్రైన్ చేసి పెట్టుకోండి. రెండింటి అక్యురసీ, స్పైకుల సంఖ్య, మెమరీ ఎన్నిసార్లు తాకారన్నది ఒకే పట్టికలో వేయండి. మీ నెట్‌లో సగం న్యూరాన్లు ప్రతి అడుగులోనూ కొడుతుంటే ఆదా ఏమీ లేనట్టే. అప్పుడు ఆ మాటే రిపోర్టులో రాసి, ఎంత తగ్గిస్తే లాభం మొదలవుతుందో లెక్కగట్టి చూపించండి.